జాడీ అడుగున ఉన్న అక్షరాలు చివర చూడండి

ప్రశ్న: మా అత్తగారింట్లో మూత ఉన్న పింగాణీ జాడీ ఒకటి ఉంది. ఒక అడుగు ఎత్తు ఉంటుంది. నీలం మీద తెల్లని పూలకొమ్మలు, మధ్యమధ్య పగిలిన మంచుగడ్డ మీద గీతల్లాంటివి ఉన్నాయి. మామగారి తండ్రి రంగూన్ రేవులో మేస్త్రీగా ఉండేవారట. 1942లో యుద్ధం వచ్చి అందరూ నడిచి వచ్చేసినప్పుడు ఆయన దీన్ని తెచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. జాడీ అడుగున రెండు నీలి గీతల వలయం, దాంట్లో నాలుగు చైనా అక్షరాలు ఉన్నాయి. పాత సామాన్లు అమ్మే ఒకాయన చూసి ఇది కాంగ్షీ చక్రవర్తి కాలం నాటిదని, 350 ఏళ్లదని అన్నారు. అచ్చం ఇలాంటిదే తన దగ్గర ఇంకొకటి ఉందని, 80 వేలకు ఇస్తానని, జత అయితే విలువ ఎన్నో రెట్లు పెరుగుతుందని చెబుతున్నారు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. బట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్లిపోవచ్చు, ఎవరూ అడగరు అని కూడా ఆయనే అన్నారు. మాది నిజంగా అంత పాతదేనా? రెండోది కొనమంటారా? ఫొటోలు పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు తొందరగా తేల్చాల్సింది తేల్చేస్తాను. రెండో జాడీ కొనకండి. మీ జాడీ విషయానికొస్తే, మీరు పంపిన ఫొటోలను బట్టి అది కాంగ్షీ కాలానిది కాదని నా అభిప్రాయం. అలాగని నిన్నమొన్నటిదీ కాదు. 19వ శతాబ్దం చివర్లోనో 20వ శతాబ్దం మొదట్లోనో చైనాలోని జింగ్‌డెజెన్ బట్టీల్లో తయారైనదిగా కనిపిస్తోంది. అంటే వందేళ్లు దాటి ఉండే అవకాశం బాగా ఉంది. ఇలా ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను. రేపు ఇంకెవరైనా వచ్చి ఇంకేదైనా చెబితే మీరే చూసి తేల్చుకోగలగాలి.

ఆయన మీకు చూపించిన ఆధారం ఆ నాలుగు అక్షరాలు ఒక్కటే. అవి 'కాంగ్షీ కాలంలో చేసినది' అనే చెబుతాయి, చదవడంలో తప్పేమీ లేదు. కానీ చైనా పింగాణీలో అడుగున రాసిన రాజు పేరు తయారైన కాలాన్ని చెప్పాలన్న నియమం లేదు. పూర్వపు రాజుల పేర్లు రాయడం అక్కడ శతాబ్దాలుగా ఉన్న అలవాటు. కొందరు మోసం చేయడానికి రాశారు, చాలామంది పాత పనితనం మీద గౌరవంతో రాశారు. కాంగ్షీ పాలించింది 1662 నుంచి 1722 దాకా. 1677లో జింగ్‌డెజెన్‌లోని అధికారి ఒకరు పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయకూడదని ఆంక్ష పెట్టారు. పాత్ర పగిలితే ఆ పేరు కాళ్ల కింద పడుతుందన్నది కారణం. అందుకే నిజంగా ఆ కాలంలో చేసిన ఎన్నో జాడీల అడుగున కాంగ్షీ పేరు ఉండదు. ఉత్త నీలి వలయాలు ఉంటాయి, లేదా ఆకు బొమ్మ ఉంటుంది, లేదా ఇంకా రెండు వందల ఏళ్ల ముందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరు ఉంటుంది. మరోవైపు, నీలం మీద తెల్ల ప్లమ్ పూల కొమ్మలు, మంచు పగుళ్లు, అడుగున నాలుగక్షరాల కాంగ్షీ ముద్ర కలిసి వచ్చే మూత జాడీలు 19వ శతాబ్దం చివర్లో కుప్పలుగా తయారై ఎగుమతి అయ్యాయి. మీ జాడీ అచ్చంగా ఆ కోవలోనిది. ఆయన సాక్ష్యంగా చూపిన ముద్రే నన్ను రెండు వందల ఏళ్లు ఇటువైపు తీసుకొచ్చింది.

అందుకే ఏ పింగాణీ వస్తువునైనా చూసేటప్పుడు ముద్రను ఆఖరున చూడమంటాను. ముందు వస్తువు ఏం చెబుతోందో చూడాలి. ఆ తర్వాత ముద్ర దానితో ఏకీభవిస్తోందా లేదా అని చూడాలి.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోండి. 'ఇది పాతది' అని నిరూపించడానికి పది లక్షణాలు ఒకదానితో ఒకటి పొసగాలి. 'ఇది అంత పాతది కాదు' అనడానికి ఒక్కటి చాలు. కాబట్టి పాతదనానికి గుర్తులు వెతుక్కుంటూ కూర్చోకండి. ఆ కాలంలో ఉండటానికే వీల్లేనిది ఏమైనా ఉందా అని వెతకండి. ఉదాహరణకు, బంగారం వాడి చేసే గులాబీ రంగు చైనా పింగాణీ మీదికి 1720 ప్రాంతంలో వచ్చింది. ఆ రంగు పూలున్న గిన్నెను 1644తో ముగిసిన మింగ్ వంశం నాటిదని ఎవరైనా అంటే ఇక అడుగు చూడక్కర్లేదు. క్రోమియం అనే లోహాన్ని 1797లో కనుగొన్నారు, దానితో చేసే చిక్కటి ఆకుపచ్చ ఆ తర్వాతే వచ్చింది. భూతద్దం కింద పత్రికలోని ఫొటోలా బొమ్మ చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది 20వ శతాబ్దపు అచ్చు కాగితం అతికించి కాల్చినది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అచ్చు అనగానే కొత్తదని తోసేయకూడదు. ఇంగ్లండ్‌లో 1750ల నుంచే రాగి రేకు మీద చెక్కిన గీతల బొమ్మల్ని కాగితం ద్వారా పింగాణీ మీదికి ఎక్కించేవారు. గీతలుంటే పాతది కావచ్చు, పత్రిక ఫొటోలాంటి చుక్కలుంటే కాదు.

దేశం పేరు కూడా ఇలాగే పనికొస్తుంది. అమెరికాకు దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లిషులో ఉండాలని అక్కడ 1890లో చట్టం చేశారు, 1891 నుంచి అమలైంది. అందువల్ల ఇంగ్లిషులో ఉత్త 'చైనా' అనో 'నిప్పన్' (జపాన్) అనో ఉంటే ఆ తర్వాతిదే. 'మేడ్ ఇన్' అని ఉంటే సాధారణంగా 20వ శతాబ్దపుది. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కొద్ది ఏళ్లది, ఆ కాలం 1952తో ముగిసింది. ఇంగ్లండ్ సరుకు మీద 'బోన్ చైనా' అని రాసి ఉంటే విక్టోరియా రాణి కాలానిదని నమ్మకండి. అయితే మీ జాడీ మీద ఇవేవీ లేకపోవడం వల్ల మనకు తేలేది ఏమీ లేదు. రంగూన్‌కు వెళ్లే సరుకుకు అమెరికా చట్టంతో పని లేదు కదా.

ఇక జాడీని చేతిలోకి తీసుకుందాం. నేల మీద మెత్తటి దుప్పటి పరచి, దాని మీద కూర్చుని చూడండి. మూత ముందు తీసి పక్కన పెట్టండి. మూత పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, నగలు చేసేవారు వాడే రకం, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పొద్దుటి ఎండ కిటికీలోంచి వాలుగా పడుతున్నప్పుడు చూస్తే ట్యూబ్‌లైటు కింద కనబడనివన్నీ కనబడతాయి.

మొట్టమొదట బోర్లించి అడుగు అంచు చూడండి. జాడీ నేలకు ఆనే ఆ వలయం మీద గ్లేజు, అంటే గాజులాంటి పై పూత, ఉండదు, మట్టి నేరుగా కనిపిస్తుంది. ఏ కాలంలోనైనా నకలు చేసేవాడు బొమ్మ మీద పెట్టినంత శ్రద్ధ ఇక్కడ పెట్టడు. కాంగ్షీ కాలపు మంచి జాడీల్లో ఆ మట్టి చాలా మెత్తగా, వేలితో రాస్తే నునుపుగా ఉంటుంది. అంచును జాగ్రత్తగా చెక్కి వదులుతారు. మీ ఫొటోలో అంచు కాస్త గరుకుగా ఉంది, రెండుచోట్ల ఇసుక రేణువులు అంటుకుని కాలిపోయాయి, అడుగున గ్లేజు కొంచెం బూడిద రంగులో, సూదిపోట్లలాంటి గుంటలతో ఉంది. ఇది ఎగుమతి కోసం వేగంగా చేసిన పని. అదే అంచు మీద గ్లేజు ఆగినచోట సన్నని నారింజ ఛాయ కనిపిస్తోంది. మట్టిలోని ఇనుము బట్టీ చల్లారేటప్పుడు గాలి తగిలి అలా తేలుతుంది. దాన్ని రంగు పూసి నకలు చేసేవాళ్లూ ఉన్నారు. పూసినదైతే వెడల్పు అంతటా ఒకేలా ఉంటుంది, మీ జాడీ మీద ఒకచోట ఉంది, ఒకచోట మాయమైంది. అది సహజంగా వచ్చిందనే అనుకుంటున్నాను.

తర్వాత చూడాల్సింది అరుగుదల. దీన్నిగురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అబద్ధం ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. పాత ఇంటి గడప ఎలాగైతే కాలు పడేచోటే అరుగుతుందో, జాడీ కూడా తగిలేచోటే అరగాలి. అడుగు అంచు, బాగా ఉబ్బిన పొట్ట భాగం, మూత ఆనే మెడ అంచు, మూత మీది బొడిపె అరుగుతాయి. లోతుగా ఉన్న భాగాలకు ఏ స్పర్శా ఉండదు, అక్కడ మెరుపు మిగలాలి. వాడుకలో పడిన గీతలు భూతద్దం కింద రకరకాల దిక్కుల్లో, రకరకాల లోతుల్లో ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దినవైతే ఒకే దిక్కున వరుసగా ఉంటాయి. జాడీ ఒంటి నిండా ఒకే తీరుగా మెరుపు తగ్గి ఉంటే యాసిడ్‌తో కడిగారని అనుమానించాలి. అలాంటిచోట గ్లేజులోని సన్నని గాలిబుడగలు పైన పగిలి, చిన్న గుంటల్లా తెరుచుకుని కనిపిస్తాయి. టీ డికాక్షన్, పర్మాంగనేట్, బూట్ పాలిష్ కూడా ముసలితనం తెప్పించడానికి వాడతారు. మూలల్లో మట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తుడిచి చూడండి. ఎన్నో ఏళ్ల మురికి అంత సులువుగా వదలదు.

గ్లేజులో వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉంటే చాలామంది అదే పాతదనానికి రుజువు అనుకుంటారు. కాదు. మట్టి, గ్లేజు చల్లారేటప్పుడు వేర్వేరుగా ముడుచుకుంటే బట్టీ లోంచి తీసిన రోజే పగుళ్లు రావచ్చు. కావాలని అలా తెప్పించే పద్ధతి చైనాలో ఎప్పటినుంచో ఉంది. మన ఇళ్లలో ఇంకో సంగతి జరుగుతుంది. మీ అత్తగారు ఎప్పుడైనా ఈ జాడీలో ఊరగాయ పోశారా? పోసి ఉంటే ఉప్పు, నూనె ఆ పగుళ్లలోకి దిగి కొన్ని ఏళ్లకే గోధుమ రంగు గీతలు తేలుతాయి. చూసేవాళ్లకు అవి మూడు వందల ఏళ్ల మరకల్లా కనిపిస్తాయి. మీ ఫొటోల్లో జాడీ లోపలి వైపు అలాంటి గీతలే ఉన్నట్టున్నాయి, వాటిని వయసు కింద లెక్క వేయవద్దు. అలాగే తట్టి చూసి, ఖంగుమంటే అసలుదని అనేవాళ్లున్నారు. ఆ మోత బీట లేదని మాత్రమే చెబుతుంది. నిన్న కాల్చిన జాడీ కూడా ఖంగుమంటుంది.

చేతిని లోపలికి పోనిచ్చి గోడను తడిమి చూడండి. సారె మీద తిప్పినదైతే వేళ్ల జాడలు మెలికలుగా తగులుతాయి. పెద్ద జాడీలను రెండు ముక్కలుగా చేసి మధ్యలో అతుకుతారు, ఆ అతుకు అడ్డంగా చేతికి తగులుతుంది. అచ్చులో పోసినదైతే నిలువు అతుకు ఉంటుంది. మీరు పొట్ట దగ్గర అడ్డంగా మిట్ట తగులుతోందని రాశారు, అది మంచి గుర్తే. కానీ అది 1700కైనా 1900కైనా సరిపోతుంది.

నీలం రంగు గురించి ఒక్క మాట. కాంగ్షీ కాలపు ఉత్తమమైన నీలంలో లోతు ఉంటుంది. ఒకే రంగును పలచగా, చిక్కగా పొరలుపొరలుగా వేసి, కుంచె నడిచిన దారి కనిపించేలా చేసేవారు. మీ జాడీలో నీలం చదునుగా, కొద్దిగా ఊదా వైపు మొగ్గి ఉంది, పూలు ఒకే విసురులో గబగబా గీసినట్టున్నాయి. ఇది మాటల్లో చెబితే పూర్తిగా అర్థమయ్యేది కాదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ గదుల్లో నిదానంగా గంటసేపు గడపండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసినవాటిలో నీలం–తెలుపు పింగాణీ కూడా ఉంది. ఫోన్‌లో మీ జాడీ ఫొటో పెట్టుకుని పక్కపక్కన చూస్తే తేడా మీ కంటికే తెలుస్తుంది. ఏ పుస్తకమూ ఆ పని చేయలేదు.

ఇప్పుడు మీ ఇంటి కథ. నిజానికి మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇదే, దాన్నే మీరు ఒక్క వాక్యంలో ముగించారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలో ఎంతోమంది చనిపోయారు. అలాంటి నడకలో అడుగు ఎత్తు పింగాణీ జాడీ మూతతో సహా చెక్కు చెదరకుండా వచ్చిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. అయితే మేస్త్రీలు కూలీలను తీసుకెళ్లడానికి తరచూ వచ్చిపోయేవారు. రంగూన్ నుంచి కాకినాడకు, విశాఖపట్నానికి స్టీమర్లు తిరిగేవి. మీ మామగారి తండ్రి అంతకుముందే ఏదో ఒక రాకలో, ట్రంకు పెట్టెలో తెచ్చి ఉంటారు. ఎప్పుడు తెచ్చినా 1942కు ముందే కాబట్టి, ఆ మాట నిలబడితే జాడీకి 80 ఏళ్లు దాటినట్టే. 1980ల తర్వాత వెల్లువలా వచ్చిన కొత్త నకళ్లలో ఇది ఒకటి కాదని ఒక్క దెబ్బకు తేలిపోతుంది. ప్రయోగశాల కూడా మీకు ఇంత గట్టిగా చెప్పలేదు.

ప్రయోగశాల గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. చివరిసారి బట్టీలో కాలి ఎంతకాలమైందో మట్టి వెలువరించే సన్నని వెలుగును బట్టి లెక్కగట్టే పరీక్ష ఒకటి ఉంది. దానికి జాడీకి బెజ్జం వేసి నమూనా తీయాలి. వేల ఏళ్ల నాటి మట్టి బొమ్మలకు అది బాగా పనికొస్తుంది. 1890దా 1920దా అని తేల్చడానికి కాదు. మీ జాడీకి ఎవరినీ బెజ్జం వేయనివ్వకండి.

ధర కూడా సాక్ష్యం కాదు. 2022 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లో దగ్గర ఒక నీలం–తెలుపు చైనా కూజా వేలానికి వచ్చింది. వేలం సంస్థ నిపుణుడు అది 20వ శతాబ్దపు అలంకార వస్తువని, 1,500 నుంచి 2,000 యూరోలు పలకవచ్చని అంచనా వేశారు. పాట 77 లక్షల యూరోల దాకా పోయింది. కొన్నవాళ్లు అది 18వ శతాబ్దపుదని నమ్మారు. అంత పలికాక కూడా ఆ నిపుణుడు తన మాట మార్చుకోలేదు. ఎక్కువ ధర పలికిందంటే ఎవరో గట్టిగా నమ్మారని అర్థం, అంతవరకే. మీ వ్యాపారి చెప్పిన 80 వేలు కూడా ఆయన అడుగుతున్న మొత్తమే, జాడీ వయసు కాదు.

ఆయన జాడీ గురించి. 'అచ్చం ఇలాంటిదే' అన్న మాటే నన్ను ఆపింది. చేత్తో గీసిన రెండు జాడీల మీద కొమ్మ ఒకేచోట వంగదు, మంచు పగుళ్ల గీతలు ఒకేలా కలవవు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. గీతకు గీత సరిపోతే ఆయనది అతికించిన బొమ్మ. సరిపోకపోతే రెండు ప్రశ్నలు అడగండి. వందేళ్లు దాటిన పురావస్తువులు అమ్మడానికి 1972 చట్టం ప్రకారం ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, అది ఉందా? రెండోది, 'కాంగ్షీ కాలం, 1662–1722' అని రసీదు మీద రాసి సంతకం పెట్టి, అది నిజం కాకపోతే డబ్బు వాపసు ఇస్తానని ఒప్పుకుంటారా? ఈ రెండిటికీ అవునని జవాబు వస్తే మళ్లీ నాకు రాయండి, అప్పుడు ఆలోచిద్దాం.

అమ్మాయి వెంట పంపడం మాత్రం వద్దు. ఆ చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువును ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారం ఇచ్చిన సంస్థ గానీ తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. సొంత కూతురికి ఇస్తున్నామన్నా అంతే. వందేళ్ల లోపుదైతే పురావస్తు శాఖ పరిశీలించి, పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తుంది, దాంతో పంపవచ్చు. మీది వందేళ్ల గీతకు అటో ఇటో ఉన్న వస్తువు, దాటిన వైపే ఎక్కువ. ఒకే నోటితో '350 ఏళ్లది' అని, 'బట్టల్లో పెట్టి తీసుకెళ్లండి' అని చెప్పిన మనిషి మీ అమ్మాయిని విమానాశ్రయంలో ఏ ఇబ్బందిలోకి నెట్టబోయారో గమనించండి. ఆయన దగ్గర కొనవద్దని మొదట్లోనే గట్టిగా చెప్పడానికి అసలు కారణం ఇదే.

కాంగ్షీ కాలానిది కాదన్నానని దాన్ని అటక మీదికి ఎక్కించేయకండి. చైనాలో ఎవరో సారె మీద తిప్పి, ఇంకెవరో కుంచెతో గీసి, ఓడలెక్కి రంగూన్ మీదుగా మీ అత్తగారింటికి చేరిన వస్తువు అది. ఎక్కడా అతుకు వేయకుండా, మూత పోకుండా నిలిచింది. ఇలాంటి జాడీలకు ఎన్నోచోట్ల అడుగున బెజ్జం వేసి టేబుల్ ల్యాంపులుగా మార్చేశారు, మీ ఇంట్లో ఆ పని ఎవరూ చేయలేదు. బ్లీచింగ్, పీచు, వంటసోడా తగలనివ్వకండి, మెత్తటి పొడిబట్ట చాలు.

ఇక మీరు చేయాల్సిన పని ఒకటుంది, అది ఈ వారమే చేయండి. మీ అత్తగారి దగ్గర కూర్చుని, ఆవిడ కాపురానికి వచ్చేటప్పటికి జాడీ ఇంట్లో ఎక్కడ ఉండేదో, దానిలో ఏం పోసేవారో, మామగారు దాన్ని గురించి ఏమనేవారో ఫోన్‌లో రికార్డు చేయండి. పాత పెళ్లి ఫొటోల్లో వెనక గూట్లోనో, బీరువా మీదో అది కనిపిస్తుందేమో వెతకండి. రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరాలు, ఓడ టికెట్టు ముక్కలు, ట్రంకు పెట్టె మీది చీటీలు ఏవి దొరికినా ఫొటో తీసి, తేదీ వేసి, జాడీ ఫొటోలతో ఒకేచోట దాచండి. మూత లోపలివైపు, మూత ఆనే మెడ అంచు మాత్రం మీరు పంపిన ఫొటోల్లో లేవు. పగటి వెలుగులో ఆ రెండూ తీసి పంపండి, మూత ఆ జాడీదేనో కాదో చూసి చెబుతాను.